లక్క భరిణెలో చలికాలం

గంధపు చెక్కల పొట్లం విప్పనే లేదు. పొద్దున్న అరమీద ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది, నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. మరి అత్తయ్య భరిణెలో ఏం పెట్టుకుని టీ గదిలోకి వెళ్ళింది? ఖాళీ భరిణె పట్టుకెళ్ళే మనిషి కాదు. ఈ ఇంట్లో కుంపటిలో బొగ్గు పేర్చే చెయ్యే ధూపపు భరిణె కూడా నింపాలి, ఇంకొకరు మూత తాకడానికి వీల్లేదు, కోడలు అసలే తాకకూడదు, నేను కాపరానికొచ్చిన నాటి నుంచీ ఇదే వరస. పొట్లం పక్కన చిన్న మట్టిజాడీ ఉంది, వచ్చే నెల కోసం క్యోటో నుంచి తెప్పించిన ధూపపు ఉండల జాడీ, తేనె పోసి నూరి చుట్టిన నల్లటి ఉండలు, జిగట జిగటగా ఉంటాయి. దాని మూతి మీద అంటించిన కాగితం చిరిగి ఉంది. నిన్న సాయంత్రం చిరగలేదు, నేను చూశాను, దుమ్ము కూడా తుడిచాను. లక్క భరిణెలో చలికాలపు ఉండలు పెట్టుకుని, అక్టోబరు నెలలో, ఐదుగురు అతిథుల ముందుకి, అందులోనూ వకసుగి హిసానో గారి ముందుకి వెళ్ళిపోయింది మా అత్తయ్య. కాగితపు తలుపు మూసుకుంది. ఇక నేను పిలవడానికి లేదు, దగ్గడానికి లేదు, తలుపు మీద గోటితో గీరడానికి కూడా లేదు.

ఇందులో కొంపలంటుకునేది ఏముంది అని అడిగే మనిషి ఒక్కడే ఉన్నాడు, మా ఆయన తదఫుమి. టీ గురువు కడుపున పుట్టి కాఫీ తాగే ఘనుడు. వాసనే కదా, ఏదైతేనేం అంటాడు. ఏదైతేనేమా! వేడి నెలల్లో కుంపటి, లక్క భరిణె, పొడి గంధపు చెక్క. చలి నెలల్లో నేలలో తవ్విన పొయ్యి, పింగాణీ భరిణె, తడి ఉండ, ఉండ కింద పచ్చటి కామెల్లియా ఆకు. తడి ఉండ లక్కకి తగిలితే మరక పడుతుంది, ఆ మరక మనిషి పోయినా పోదు. చెప్పులతో చాప తొక్కకూడదని తెలిసినట్టు మా కనజవాలో టీ నేర్పే ఇళ్ళలో పసిపిల్లకి కూడా తెలుసు ఈ సంగతి. అత్తయ్యకి తెలియదా? ఊళ్ళో సగం మందికి ఆవిడే నేర్పింది. లోపల కూర్చున్న ఐదుగురిలో నలుగురికి ఆవిడే నేర్పింది. హిసానో గారికి మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు, ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు, ఒకే గురువు చేత తిట్లు తిన్నారు, అప్పటి నుంచి ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడమే స్నేహం అనుకుంటున్నారు. పోయిన ఏడాది హిసానో గారింట్లో పూలసజ్జలో నీళ్ళు రెండు చుక్కలు ఎక్కువయ్యాయని మా అత్తయ్య అందరి ముందూ అంది. ఆ బాకీ ఇవాళ తీరిపోతుంది.

వాన మొదలైంది. అన్నం డబ్బా మరిచిపోయినా గొడుగు మరిచిపోకు అంటారు మా ఊళ్ళో, విరామంలో అతిథులు తోటలోకి వెళ్ళాలంటే వెదురు టోపీలు తియ్యాలి, తీశాను, మళ్ళీ ఎక్కడ పెట్టాను? కాలి మేజోటి కొక్కెం ఒకటి ఊడింది, పెట్టుకుంటే ఇంకొకటి ఊడింది. మిఠాయిలు సర్దాలి, చెస్ట్‌నట్ ముద్దలు, తడిగుడ్డ కప్పకపోతే ఎండిపోతాయి, కప్పాను. వెదురు కవ్వం నానబెట్టాలి, నానబెట్టాను, ఎందుకో మళ్ళీ తీసి మళ్ళీ నానబెట్టాను. గిన్నె తుడిచే గుడ్డ పిండుతున్నాను, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఇంకా పిండితే గుడ్డ రెండు ముక్కలయ్యేలా ఉంది. కోపం ఎవరి మీద? ఆవిడ మీద కాదు. కాదా? పొద్దున్న నేను అడిగాను కదా, భరిణె నేను చూడనా అత్తయ్యా అని, ఎంత మెత్తగా అడగాలో అంత మెత్తగా. "నా చేతులు ఇంకా పడిపోలేదే చిగుసా," అంది. చేతులు పడిపోలేదు. చేతులు బంగారంలాంటివి. లోపలి చప్పుళ్ళు వింటుంటే తెలుస్తోంది, బూడిద ఊడ్చే ఈక ఒకటి, రెండు, మూడు సార్లు కుంపటి అంచు మీద తిరిగింది, బొగ్గు బొగ్గుకి తగిలిన చప్పుడు ఒక్కటంటే ఒక్కటీ లేదు. చేతులు ఏదీ మరిచిపోలేదు. మరిచిపోతున్నది ఇంకేదో.

వేసవిలో మొదలైంది. అత్తయ్య తన శిష్యుడు, పళ్ళ డాక్టరు ఒరిహర గారిని చచ్చిపోయిన వాళ్ళ నాన్న పేరుతో పిలిచింది, ఆయన నవ్వుతూ పలికాడు. పలకడమే కాదు, వాళ్ళ నాన్న గొంతు పెట్టి మరీ మాట్లాడాడు, ఎంత మంచివాడో! ఒక గురువారం ఒకే శిష్యురాలికి రెండుసార్లు టీ కలిపి ఇచ్చింది, ఆ పిల్ల రెండోసారి కూడా మొదటిసారిలాగే గిన్నె తిప్పి తాగింది, ఎంత మంచిపిల్లో! అందరూ మంచివాళ్ళే. వీధి గుమ్మం దాటాక అందరూ నా చెయ్యి పట్టుకుని, పాపం గురువుగారు, మీరెంత ఓపిగ్గా ఉన్నారండీ చిగుసా గారూ అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన మరీ. "అమ్మకి ఏమీ చెప్పకు. ఎన్నాళ్ళుంటుంది కనక? సంతోషంగా ఉండనీ," అంటాడు. సంతోషంగానే ఉంది. ఆవిడ తప్ప ఆ గదిలో అందరూ నటిస్తుంటే ఆవిడ ఒక్కతే సంతోషంగా ఉంది. నేను కూడా నటిస్తున్నాను, నా అంత బాగా ఎవరూ నటించరు, ఇరవై నాలుగు గంటల నాటకం నాది.

ఆ భరిణె. ఇన్ని భరిణెలుండగా ఇవాళ ఆ భరిణే ఎందుకు తీసింది? అక్టోబరంటే మాకు మిగులు నెల, పోయిన ఏటి టీ ఆకు జాడీ అడుక్కి చేరే నెల, ఈ నెలలో కొత్త సామాను ఎవరూ తియ్యరు, అతికిన గిన్నెలు, అరిగిన పళ్ళాలు, అవే ముద్దు. ఆ భరిణె మీద బంగారు రెల్లుగడ్డి సగం అరిగిపోయింది, ఎన్ని వేళ్ళు తాకితే అంత అరుగుతుంది! గుండ్రంగా, చదునుగా, అరచేతిలో ఇమిడిపోతుంది. మూత తిప్పి చూస్తే లోపల చందమామ, చందమామ మాత్రం అరగలేదు, లోపలికి ఎవరి వేలూ పోదు కదా. వాళ్ళ గురువుగారి భర్త వేసిన లక్క, గురువుగారు పోతూ పోతూ హిసానో గారికి కాకుండా మా అత్తయ్యకి ఇచ్చింది, ఆ మంట హిసానో గారికి ఇంకా చల్లారలేదని అంటారు. నేను ఈ ఇంటికొచ్చిన మొదటి శరత్తులో దాన్ని ముట్టుకోనిచ్చింది ఒక్కసారి, అతిథుల ముందు పెట్టమంది, మూత అటుది ఇటుగా వేసి పెట్టాను. "మన చిగుసా వాళ్ళ ఊళ్ళో చందమామ తలకిందులుగా పొడుస్తాడు కాబోలు," అంది అందరి ముందు. అందరూ నవ్వారు. ఆ రాత్రి నేను బట్టలు సర్దుకున్నాను పుట్టింటికి పోదామని, మా ఆయన పెట్టె మీద కూర్చున్నాడు కదలనీకుండా. పొద్దున్నే అత్తయ్య వంటింట్లోకి వచ్చింది, పులుసు కలుపుతూ, నా వైపు చూడకుండానే అంది, "తప్పు చెప్పడం మానేసిన రోజున నేను నిన్ను వదిలేశానని అర్థం." అది ఓదార్పో బెదిరింపో నాకు ఇప్పటికీ తెలీదు. అదే మాట ఇప్పుడు గుర్తొస్తోంది.

వచ్చింది. వాసన వచ్చింది. తలుపు సందులోంచి, ముందు సన్నగా, తర్వాత దుప్పటి కప్పినట్టు. తేనె, లవంగం, పాత చెక్క, నానిన ఆకులు, మొదటి మంచు పడేముందు ఇంట్లో ఉండే చీకటి వాసన. నవంబరు వాసన. పొయ్యి తెరిచే రోజు వాసన, ఆ రోజు అందరం కొత్త మేజోళ్ళు తొడుక్కుని ఎర్ర చిక్కుడు జావ తాగుతాం, ఎంత ఇష్టం నాకు! ఇవాళ మాత్రం రాకూడదు. ఇది దాగే వాసన కాదు. గంధమైతే వెతుక్కోవాలి, ఇది వెతుక్కుంటూ వస్తుంది. లోపల ఐదు ముక్కులున్నాయి. ఒక్క గొంతూ లేవలేదు. తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు, చివర కూర్చున్న వాళ్ళెవరో, ఒరిహర గారే అయ్యుంటారు, చిన్నగా ముక్కు ఎగబీల్చి ఆపేశారు.

ఇలాంటి నిశ్శబ్దం నాకు తెలుసు. ఆస్పత్రి గదిలో ఉండేది. మా అమ్మకి కడుపులో కంతి, ఆ రోజుల్లో రోగికి చెప్పేవాళ్ళు కాదు, డాక్టరు నాన్నకి చెప్పాడు, నాన్న మాకు చెప్పాడు, అందరం కలిసి అమ్మకి పుండని చెప్పాం. పుండుకి మందు వేసుకుంటూ ఎండుకుపోతోంది అమ్మ. మేం వచ్చినప్పుడల్లా వాతావరణం గురించి, పీతల ధర గురించి మాట్లాడేవాళ్ళం. ఒకనాడు అత్తయ్య బేరిపళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. తొక్క తీస్తోంది, తీగలా తెగకుండా వస్తోంది తొక్క. అమ్మ అడిగింది, "మినెయో గారూ, మీరైతే అబద్ధం ఆడరు. ఇది పుండేనా?" కత్తి ఆగలేదు. "కాదండీ," అంది అత్తయ్య. నా చేతిలో పళ్ళెం ఉంది, విసిరికొడదామనుకున్నాను ఆవిడ మొహాన. అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. మర్నాడు నన్ను పిలిచి తన కిమోనోలు ఏవి ఎవరికో చెప్పింది, పక్కింటావిడని పిలిపించుకుని పాత తగువు తీర్చుకుంది, అన్నం ఎలా వండుకోవాలో మంచం మీంచే నాన్నకి నేర్పింది, నీళ్ళు ఎక్కువ పోశాడని తిట్టింది కూడా. ఒక మధ్యాహ్నం నా చెయ్యి నిమురుతూ, "అమ్మయ్య, ఇప్పుడు మీరంతా మామూలుగా మాట్లాడుతున్నారే," అంది. అయినా నేను అత్తయ్యతో చలికాలమంతా మాట్లాడలేదు. ఇవాళ్టికీ క్షమించానో లేదో నాకే తెలీదు. ఇప్పుడెందుకు గుర్తురావాలి ఆ బేరిపండు తొక్క!

టక్. భరిణె మూత పడింది. ఈ చప్పుడు కోసమే పెద్ద అతిథి, ఇవాళ హిసానో గారు, చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. మూత పడగానే, భరిణె ఒకసారి చూపించండి అని అడగాలి. అడిగితే ఐదు జతల చేతులు మూత తెరుస్తాయి, చందమామ కింద జిగట మరక ఐదుగురూ చూస్తారు, ఆకు కూడా వెయ్యకుండా ఉత్త లక్క మీదే ఉండ పెట్టిందని చూస్తారు, సగం చెయ్యి అక్టోబరులో సగం చెయ్యి నవంబరులో. అడక్కపోతే ఇంకా ఘోరం, నీ భరిణె చూడదగ్గది కాదన్నట్టు, అలా ఏ ఇంట్లోనూ ఎవరూ చెయ్యరు, అత్తయ్య అక్కడికక్కడే కూలిపోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. హిసానో గారూ, ఏదో ఒకటి అనండి. ఊపిరి పీల్చుకున్న చప్పుడైంది. ఇంకోసారి పీల్చుకుంది. ఆవిడ ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యదు, కత్తిలా పడుతుంది ఆవిడ మాట. "దయచేసి... భరిణె చూడనివ్వండి," అంది చివరికి, గొంతులో ఆ కత్తి లేదు, మెత్తటి గొంతు, ఆస్పత్రి గొంతు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. శత్రువు కూడా జాలిపడిందంటే మనిషి అయిపోయినట్టే కదా.

ఇక లోపల వాళ్ళు భరిణె చేతులు మారుస్తారు, ఈలోగా అత్తయ్య బొగ్గుల బుట్ట తీసుకుని ఈవలికి వస్తుంది, వాళ్ళు చూడ్డం అయ్యాక మళ్ళీ వెళ్ళి ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఆకారం ఏమిటి, లక్క ఎవరిది, ధూపం ఏమిటి. ధూపం గంధం అంటుంది. గదంతా నవంబరు కమ్ముకుని ఉండగా గంధం అంటుంది, ఐదుగురూ తల వంచి ఆహా గంధం అంటారు. గుమ్మం దాటాక నా చెయ్యి పట్టుకుంటారు.

తలుపు జరిగింది. వచ్చింది. తలుపు మూసి, బుట్ట దించి, మోకాళ్ళ మీదే నా వైపు తిరిగింది, మొహం వెలిగిపోతోంది. "బొగ్గు ఎంత బాగా అంటుకుందనుకున్నావే! విను, కుంపటి మీద నీళ్ళ చప్పుడు అప్పుడే మారింది," అంది గుసగుసగా, పరీక్షలో గెలిచిన పిల్లలాగా. ఆవిడ కిమోనోలో, జుట్టులో, మెడ దగ్గర అంతా ఆ వాసనే, నాకు కళ్ళు మండేంత వాసన, ఆవిడకి తెలియడం లేదు. మరుపొక్కటే కాదు, ముక్కు కూడా పోయింది, ఎన్నాళ్ళ క్రితం పోయిందో, ఇంట్లో ఉండి నేను కూడా కనిపెట్టలేదు. చెప్పకు అన్నాడు మా ఆయన. సంతోషంగా ఉండనీ. ఇంత సంతోషంగా ఈవిణ్ణి ఎప్పుడు చూశాను? ఒక్క మాటతో ఆర్పేస్తానా? కాపరానికొచ్చినప్పట్నించీ నేను తిన్న తిట్లన్నిటికీ పగ తీర్చుకుంటున్నానా? లేదు. లేదేమో. చెప్పకపోతే రేపు పొద్దున్న ఆవిడ పులుసు తాగుతుంది, నేను వాతావరణం గురించి, పీతల ధర గురించి మాట్లాడతాను.

"అత్తయ్యా, మీరు వేసింది గంధం కాదు."

ఆవిడ నా వైపు చూసింది. నేను వేలు చూపించలేదు, ఆవిడే అర వైపు చూసింది, ముడి విప్పని పొట్లం, కాగితం చిరిగిన జాడీ. చాలాసేపు చూసింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"ఏమీ రావడం లేదే," అంది.

నేను గుడ్డ ఇంకోసారి పిండాను.

"లోపల అందరికీ తెలిసిందా?"

"తెలిసింది."

"ఎవరూ ఏమీ అనలేదు."

"అనరు అత్తయ్యా."

"హిసానో కూడానా?"

"ఆవిడ కూడా."

అది తగిలింది. మిగతా అన్నిటికంటే అదే తగిలింది, పెదవి ఒక పక్కకి లాగేసింది, ఒక్క క్షణం ఎనభై ఏళ్ళదానిలా కాకుండా నూరేళ్ళదానిలా అయిపోయింది. "ఎప్పట్నించి?" అంది. ఇవాళ్టి సంగతి కాదు ఆవిడ అడుగుతున్నది. వేసవి నుంచి అన్నాను. ఒరిహర గారి సంగతి చెప్పాను, రెండుసార్ల టీ సంగతి చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, తలుపవతల వినపడకుండా గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని. ఆవిడ ఏడవలేదు. మెడ దగ్గర మడత సరిచేసుకుంది, నడుం పట్టీలో పట్టుగుడ్డ సరిచేసుకుంది. "వేసవి నుంచీ తెలిస్తే చెప్పడానికి ఇంతకాలం పట్టిందా నీకు? ఇన్నాళ్ళూ నన్ను వదిలేశావన్నమాట," అంది. తలుపు దగ్గర కూర్చుంది, నన్ను చూడకుండానే తలుపు జరిపింది, వెళ్ళిపోయింది.

నేను తలుపుకి చెవి ఆనించాను. ఆనించకూడదు, ఆనించాను. మొదటి ప్రశ్న, ఆకారం. "గుండ్రం, చదును, రెల్లుగడ్డి, మూత లోపల చందమామ," అంది అత్తయ్య. లక్క ఎవరిదండీ అంది హిసానో గారు, ఎవరిదో ఆవిడకి ఈవిడకంటే బాగా తెలుసు. మా గురువుగారి భర్త చేతిది అంది అత్తయ్య. తర్వాత మూడో ప్రశ్న రాలేదు. నీళ్ళ చప్పుడు, వాన చప్పుడు. హిసానో గారు అడగడం మానేస్తుందా? మానలేదు, కానీ ప్రశ్న ప్రశ్నలా రాలేదు. జవాబు ముందే చేతిలో పెట్టి అడిగింది, నడవలేని మనిషికి చెయ్యందించినట్టు. "ధూపం... గంధమే కదండీ?"

"కాదు," అంది మా అత్తయ్య.

ఎవరిదో పట్టుబట్ట గరగరలాడింది.

"ఉండ. వచ్చే నెలది. నా చెయ్యి అటు పోయింది, పోయిందని నాకు తెలియలేదు. వాసన కూడా తెలియలేదు. నా కోడలు చెప్పింది. మీరెవరూ చెప్పలేదు." గొంతు పాఠం చెప్పే గొంతే, ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఇవాళ నేను పేర్చిన బొగ్గు నాకు ఆఖరుది. నవంబరులో పొయ్యి చిగుసా తెరుస్తుంది. దానికి చందమామని తలకిందులుగా పెట్టే అలవాటుంది, చూసి చెప్పండి. నా దగ్గర ఊరుకున్నట్టు దాని దగ్గర ఊరుకోకండి." ఆగి, మళ్ళీ అంది, "హిసానో, నువ్వు మరీనూ. చిన్నప్పటి నుంచీ ఒక్క తప్పు వదిలావా నావి? ఇవాళే దొరికిందా నీకు మంచితనం?"

హిసానో గారు నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, ముక్కు చీదిన చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది. "భరిణె పాడుచేశావు మినెయో," అంది అప్పుడు, పాత గొంతుతో, కత్తిలా. "గురువుగారు బతికుంటే బూడిదలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టేది."

"కూర్చోబెట్టేది," అంది అత్తయ్య.

నేను గబగబా తలుపు దగ్గర్నుంచి లేచి, కాలి కొక్కెం తట్టుకుని, పడబోయి నిలదొక్కుకునేసరికి తలుపు జరిగింది. అత్తయ్య భరిణె నా అరచేతిలో పెట్టింది. మొదటిసారి ఆవిడ చేత్తో నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది, ఐదుగురు పట్టుకున్న వెచ్చదనం. మూత తీశాను, తియ్యొద్దనలేదు. నల్లటి లక్క మీద నల్లటి మరక, చందమామ కిందే. గుడ్డ అందుకోబోయాను.

"పోదు. తుడిస్తే ఇంకా అరుగుతుంది, ఉంచు," అంది. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది, అతిథులున్నప్పుడు ఆవిడ కాళ్ళు చాపడం నేనెప్పుడూ చూడలేదు. వేళ్ళు ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎలా ఉందే వాసన?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. తేనె ముందు వస్తుంది అత్తయ్యా, తర్వాత లవంగం, తర్వాత... భరిణె ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది, తల ఊపుతోంది, తర్వాత ఏమిటన్నట్టు. పాత చెక్క, నానిన ఆకులు అన్నాను.

"ఊఁ," అంది. కళ్ళు తెరిచి చూసింది. "అలా నిలబడ్డావేం? మిఠాయిలు మీ ఆయన పట్టుకెళ్తాడా? తడిగుడ్డ తీసెయ్, కొక్కెం పెట్టుకో, వెళ్ళు."

కొక్కెం పెట్టుకున్నాను. మిఠాయిల పెట్టె రెండు చేతులతో ఎత్తి, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అత్తయ్య చూస్తుండగా తలుపు జరిపాను.